ఎర్రగా పండిన డ్రాగన్

రేణు గారికి,

"డ్రాగన్‌కి మామిడి పిందెలేంటండీ?" అన్న మీ మెసేజ్ చూసి, ఆఫీస్‌లో కుర్చీలోంచి పడబోయాను. మీ నాన్నగారికి మాత్రం మీరే నచ్చజెప్పాలి.

నేను రౌడీని కాను. మా తెలుగు సంఘం నాటకంలో జపాన్ యాకుజా ముఠాకి రెండో నాయకుణ్ణి, ఎవర్నీ నమ్మని పాత్ర. నెల్లాళ్ళ రిహార్సల్స్‌తో అదే అలవాటై, నిన్న పెళ్ళిచూపుల్లోనూ గోడకి ఆనుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. మీ నాన్నగారు ఓ గుక్క తాగేదాకా నేను కాఫీ ముట్టలేదు.

"ఎవరైనా తరుముతున్నారా బాబూ?" అని ఆయన అడుగుతుండగానే చొక్కా చెయ్యి జరిగి డ్రాగన్ బయటపడింది. అది టాటూ కాదండీ, గోరింటాకు! మా సంఘంలో పెళ్ళిళ్ళకి గోరింటాకు పెట్టే పద్మజ ఆంటీ నాటకం కోసం కోన్‌తో వేశారు. పొలుసులు గీయమంటే చెయ్యి అలవాటుకొద్దీ మామిడి పిందెలు గీసింది. ఎంత రుద్దినా పోవట్లేదు.

గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని మా అమ్మమ్మ అనేది. నాది మోచేతిదాకా పండింది. మొగుడు నాకెందుకు? మీకేమైనా పనికొస్తాడేమో చూడండి.

జవాబు కోసం ఇంకా తలుపు వైపే చూస్తూ,
మీ రెండో నాయకుడు