బూడిద పట్టించిన జొన్నలు

హైదరాబాదు,
10 అక్టోబరు 2011.

నా బంగారు అవ్వకు,

ఫోను ఉండగా ఉత్తరమేంది అనుకుంటావు. ఫోనులో అయితే కన్నతల్లివి, నా గొంతు వినగానే పట్టేస్తావు, నేను ఏడుస్తాను, అసలు సంగతి మిగిలిపోతుంది. తిరుపతన్న చేత చదివించుకో. బస్సులు బందు పెట్టి తెలంగాణ కోసం సమ్మెలో కూర్చున్న కండక్టరుకు ఇంతకంటే పనేముంది? మధ్యలో నవ్వితే ఒక మొట్టికాయ వెయ్యి.

ఇండోరులో పెద్ద గుండ్రటి కట్టడం ఉంది. సింక్రోట్రాన్ అంటారు. లోపల గొట్టంలో ఎలక్ట్రాన్లనే సన్నటి కణాలను గానుగెద్దుల్లా తిప్పుతారు. మలుపు తిరిగిన ప్రతిసారీ అవి వెలుగు విడుస్తాయి. దవాఖానలో ఎముకల ఫోటో తీసే ఎక్స్‌రే లాంటిదే, కాకపోతే లక్షల రెట్లు జోరు. జొన్నగింజను పల్చగా కోసి ఆ వెలుగులో పెడితే ఇనుము ఎక్కడుందో, జింకు ఎక్కడుందో కంప్యూటరు మీద రంగుల్లో కనిపిస్తుంది. దేశం మొత్తం మీద అలాంటి చోటు అదొక్కటే. నాకు మూడు రోజులు ఇచ్చారు. నా పిహెచ్‌డి అంతా ఆ మూడు రోజుల మీదే ఉంది.

గింజలు పరిశోధనా క్షేత్రం నుంచి తెచ్చుకోవాలి. వాళ్ళూ సమ్మెలో ఉన్నారు, గేటుకు తాళం. అందుకే నిన్ను విత్తనాల కుండలోంచి పిడికెడు పచ్చజొన్నలు అడిగాను. అన్న జనగామ స్టేషనుకు తెచ్చిచ్చాడు. నువ్వేమో ఊరు దాటే విత్తనానికి పురుగు పడుతుందని మళ్ళీ కొత్తగా బూడిద పట్టించావు. గుడ్డతో తుడిచాను, పోయిందనుకున్నాను.

ఎక్కడ పోతుంది? పోయిన వారం ఇండోరులో ఆ వెలుగులో పెట్టగానే గింజ చుట్టూ బూడిదలోని కాల్షియం, పొటాషియం ఎర్రగా మండుతున్నట్టు కనిపించాయి. గింజ చెడిందని లోపలి దాకా చూడకుండానే ఆపేశాం. అక్కడి ఆఫీసరు సారూ తెలుగాయనే, ఈ గింజలెక్కడివని అడిగాడు. వెనక మా ల్యాబువాళ్ళిద్దరు నిలబడ్డారు. నేను 'గిట్ల' అంటే చాలు, నాలుగు రోజులు 'గిట్ల, గట్ల' అని వెక్కిరించేవాళ్ళు. మా అవ్వ కుండలోవి, బూడిద కలిపింది అని చెప్పడానికి నోరు రాలేదు. పరిశోధనా క్షేత్రంవి అన్నాను.

ఆ క్షేత్రంలో విత్తనాలు సరిగ్గా నిల్వ చెయ్యడం లేదని ఆయన రాసేశాడు. అవ్వా, మన రాష్ట్రం కోసం జీతాలు వదులుకుని కూర్చున్నవాళ్ళ మీద నా అబద్ధం పడింది. వచ్చే వారం మా గైడు సారు ఆ కాగితం మీద సంతకం పెడతారు. నిజం చెబితే నన్ను మళ్ళీ ఇండోరు గడప తొక్కనివ్వరేమో. చెప్పకపోతే నాకు తిండి సయించడం లేదు.

నీ
స్వప్న

*

పాలకుర్తి,
13 అక్టోబరు.

బిడ్డా స్వప్నా,

అవ్వ చెప్పింది చెప్పినట్టు నేను తిరుపతిని రాస్తున్న. మొట్టికాయ పడ్డది.

నువ్వు సిగ్గువడ్డందుకు నాకు కోపం రాలే. సదువుకున్నోళ్ళ నడుమ నిలవడ్డవు, భయమైతది. గని ఒకళ్ళ మీదికి నెట్టినవు సూడు, గది నాకు నచ్చలే. తప్పు నాదైతే నాదని చెప్పు. మీ సారు నన్నేమన్న కొడ్తడా?

ఇంకొకటి అడుగుత. బూడిద పైన కనవడ్డది, సరే. లోపలికి పోయిందా? గది సూసిండ్రా? గీ విత్తనం మా అత్త నా చేతుల పెట్టింది. నలభై ఏండ్ల సంది తుమ్మకట్టె బూడిదలనే దాస్తున్న. ఒక్క ఏడు గూడ మొలక తప్పలే. లోపలికి పోతే మొలుస్తదా బిడ్డా? మీ మిషిను పైపైన సూసి ఖరాబైందంటే నేనొప్ప. జర లోపల సూడుమను.

తిండి మానకు.

అవ్వ యేలిముద్ర

*

ఇండోరు,
9 మార్చి 2012.

విత్తనాల తల్లి యాకమ్మకు,

ఫోనులో సగమే చెప్పాను. మిగతాది కాగితం మీద ఉంటే నువ్వు పదిమందికి చదివించుకుంటావని దాచాను.

నీ ఉత్తరం అందిన రోజే గైడు సారు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. సంతకం పెట్టబోతున్న కలం పక్కన పెట్టి నన్ను బాగా తిట్టారు. తిట్టాల్సిందే. ఆ పరిశోధనా క్షేత్రానికి క్షమాపణ ఉత్తరం రాయించారు. నేను గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచి, మీ అమ్మ ఏం అడిగిందో మళ్ళీ చెప్పు అన్నారు. నువ్వన్నట్టే చెప్పాను, 'జర'తో సహా. తర్వాత ఇండోరుకు ఆయనే రాశారు. ఇంకొక్క రోజు ఇచ్చారు.

నిన్న బూడిద పట్టించిన గింజ ఒకటి, పట్టించనిది ఒకటి పక్కపక్కన పెట్టి చూశాం. బూడిద పొట్టు దగ్గరే ఆగిపోయింది అవ్వా. గీత గీసినట్టు ఆగింది. మొలక వచ్చే చోట ఇనుము, జింకు రెండు గింజల్లోనూ ఒక్కలాగే, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మేము చెడిపోయిందనుకున్నది నీ విత్తనం మీది కాపలా. ఆఫీసరు సారు అక్టోబరు కాగితం తెప్పించి, క్షేత్రం మీద రాసిన మాటను తన చేత్తోనే కొట్టేశాడు. వెక్కిరించిన ఇద్దరిలో ఒకతను తుమ్మబూడిదే ఎందుకని నన్ను అడిగాడు. మా అవ్వను అడిగి చెప్త అన్నాను. ఈసారి అతను నవ్వలేదు.

గింజల వివరాలు రాసే ఫారం మళ్ళీ నింపాలి కదా. పేరు దగ్గర 'యాకమ్మ జొన్న' అని రాశాను. ఊరు పాలకుర్తి. రాష్ట్రం అన్న చోట పోయినసారి ఆంధ్రప్రదేశ్ అని రాసి వచ్చాను. ఈసారి తెలంగాణ అని రాశాను. ఆఫీసరు సారు అద్దాలు సవరించుకుని, అలాంటి రాష్ట్రం ఇంకా లేదు కదమ్మా అన్నాడు.

"విత్తనం వేసినం సార్, వస్తది" అన్నాను. నా భాషలో, గట్టిగా.

ఆయన నవ్వి కొట్టెయ్యకుండా వదిలేశాడు. నాకు చాలా గర్వంగా ఉంది అవ్వా, నా కంటే నిన్ను చూసి ఎక్కువ. వానాకాలం తర్వాత ఈ మిషిను దగ్గర నాకు ఇంకో వంతు వస్తుందట. కొత్త పంట రాగానే సోలెడు జొన్నలు పంపు. బూడిద పట్టించే పంపు.

యాకమ్మ బిడ్డ
స్వప్న