మూత తీయకుండా చెప్పిన సాక్ష్యం

అక్కా, దేవుని దయవల్ల ఒంట్లో కులాసాయే.

మా ఫ్యాక్టరీ పరీక్షగదిలో తీగ కాయిళ్ల విలువ కొలిచే బ్రిడ్జి అనే పెట్టె ఉంది, దాని మీద అదే రకమో చెప్పే చీటీ ఊడిపోయింది. అది మాక్స్‌వెల్ బ్రిడ్జి అని నేనే తేల్చి, ఆ సూత్రంతోనే లెక్క కట్టాను. ప్రతి కాయిలూ ఎక్కువ చూపింది. చుట్లు ఎక్కువ వేశాడని, కాయిళ్లు చుట్టే పెద్దాయన మీద మేనేజరు ముందు సాక్ష్యం చెప్పాను. ఆయన పని పోయింది. వెళ్తూ, "ఏమయ్యా బోధకుడూ, మూత తీసి చూశావా, ప్రార్థనలో కనపడిందా?" అన్నాడు.

ఇవాళ మూత తీసి చూశాను. మాక్స్‌వెల్‌లో కెపాసిటరూ రెసిస్టరూ పక్కపక్కన కలిసి ఉంటాయి. ఇందులో ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అది హే బ్రిడ్జి, దాని సూత్రమే వేరు. మళ్లీ లెక్క కడితే ఒక్క కాయిల్లోనూ తప్పు లేదు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ కంఠతా వచ్చిన నోరే అక్కా ఇది.

రేపు పొద్దున్నే మేనేజరు ముందు ఒప్పుకుంటాను. నా పని ఉంటుందో ఊడుతుందో. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

ఆదివారం కూడికలో నువ్వు చదవడానికి నేను పంపిన ప్రసంగంలో నమ్మకం లేని పనివాడని రాసింది ఆ పెద్దాయన్నే. అది చదవొద్దు. ఈ కార్డు చదువు, అందరికీ వినపడేలా.

నీ తమ్ముడు