సన్న మేకు, లావు మేకు

ప్రియమైన శ్రీవారికి,

ఇల్లు చేరి కొట్టు తెరిచాను. మీరు లేరని పొయ్యి కూడా అలిగినట్టుంది, మొదటి వాయి రొట్టెలన్నీ మాడాయి. అసలు సంగతి వినండి. బండి మీంచి జారి మీ భుజం మీద పడ్డ మొద్దు లేదూ, దాన్నీ దాని అన్నదమ్ముల్నీ బండాయన తెచ్చి మన పెరట్లో దించిపోయాడు. మీరు చీల్చిపెట్టిన కట్టెలు అయిపోవచ్చాయి. గొడ్డలి తీశాను. నాకు చెమటలు పట్టాయి గానీ మొద్దుకి చీమ కుట్టినట్టయినా లేదు.

మొద్దుల్ని చీల్చే మీ ఇనప మేకుల సంచి విప్పాను. సన్నవీ ఉన్నాయి, లావుపాటివీ ఉన్నాయి. ఏది ముందు కొట్టాలి? లావుదైతే తొందరగా చీలుతుందని నాకు తోస్తోంది.

ఆసుపత్రిలో అలా గోడవైపు తిరిగి పడుకోవడం మానండి. మా నాన్న వాకిట్లో పూట పనిని రెండు రోజులు సాగదీసి, నన్ను చూస్తూ కట్టెలు కొట్టిన మనిషి మీరేనా అనిపించింది. చెయ్యి ఎలా ఉంది?

మీ కందిరీగ

---

ప్రియమైన కందిరీగకి,

అక్షరాలు నావి కావు, పక్క మంచం మేష్టారివి. నా కుడిచేతికి కట్టు ఉంది కదా. అందుకని ముద్దుమాటలు తగ్గించి చెబుతున్నాను. ఆయన ఇప్పటికే ముసిముసిగా నవ్వుతున్నారు.

లావు మేకు జోలికి పోకు తల్లీ! ముందు మొద్దు కోసిన ముఖం చూడు. ఎండకి సన్నటి నెర్రెలు విచ్చి ఉంటాయి. వాటిలో పెద్దదాన్ని పట్టుకో. నడిమధ్యన కాదు, అంచు దగ్గర సన్న మేకు ఆనించి, చిన్న సుత్తితో అది తనంతట తాను నిలబడేదాకా తట్టు. అప్పుడు చెయ్యి తీసేసి సమ్మెట ఎత్తు. నెర్రె సాగాక లావుది పెట్టు. సన్నది దానంతటదే వదులవుతుంది. కణుపున్న చోట మొండికి పోకు, పక్కనుంచి రా. మేకు తల దెబ్బలకి పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆకురాయితో అంచు అరగదియ్యి, లేకపోతే ఇనప పెచ్చులు ఎగిరి కంట్లో పడతాయి.

చెవి కూడా పెట్టాలి. ఠంగుమంటే కలప ఇంకా బిగుసుకుని ఉందని. దబ్బుమంటే లొంగిందని. ఆ దబ్బుమన్నప్పుడల్లా మీ వంటింటి కిటికీలో ఒక తల కనిపించేది. పని సాగిందంటే తప్పు నాదా, ఆ తలదా?

చెయ్యి బాగానే ఉంది.

నీ మొద్దు

---

ప్రియమైన మొద్దుగారికి,

మీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైంది. ఈలోగా నేను లావు మేకే దిగ్గొట్టాను. అది ఇరుక్కుంది. దాన్ని విడిపించడానికి రెండోది కొట్టాను. అదీ ఇరుక్కుంది. మొద్దు రెండింటినీ మింగి తేన్చలేదు, అంతే తక్కువ. పక్కింటి వదిన చూసి, "చీలుస్తున్నావా, మేకులు పాతిపెడుతున్నావా?" అంది.

తర్వాత మీ ఉత్తరం చదువుకుని, ఆ నెర్రె కొసన సన్నది తట్టాను. మొదట ఠంగు, ఠంగు. చివరికి దబ్బుమంది చూడండి! రెండు చెక్కలూ అటూ ఇటూ పడ్డాయి, పచ్చి కలప వాసన గుప్పుమంది. అదే వాసన మీ చొక్కాకి ఉండేది. పెళ్లైన కొత్తలో అది ఉతకబుద్ధయ్యేది కాదు. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. ఈ ముక్క మేష్టారు చదవకపోతే బాగుండు.

ఎప్పుడొస్తున్నారు? ఎన్నిసార్లు అడిగినా ఆ ఒక్కటీ చెప్పరేం?

మీ కందిరీగ

---

కందిరీగా,

ఇది నేనే రాస్తున్నాను. ఎడమచేత్తో. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓపిక పట్టు. ఇది మేష్టారికి చెప్పి రాయించలేను.

కట్టు విప్పారు. చెయ్యి భుజం దాటి లేవదు. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. ఇక ఇంతేనన్నారు. సమ్మెట మాట అడగలేదు, అడిగి నవ్వుల పాలవడం దేనికి?

ఇక్కడ కలప అడితిలో కాపలా పని ఉందట. ఉండిపోతాను. నువ్వు అక్కడ పొయ్యి దగ్గర మాడి, పెరట్లో సమ్మెట ఎత్తి, మళ్లీ నాకు అన్నం కలిపి పెట్టడం నేను చూస్తూ కూర్చోలేను. నీకు భారంగా రావడం కంటే రాకపోవడమే మేలు. కోపం తెచ్చుకోకు.

నీ

---

ప్రియమైన శ్రీవారికి,

కోపం రాకుండా ఎలా ఉంటుంది? వచ్చింది. రెండు వాయిల రొట్టెలు కాల్చాక కాస్త తగ్గింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మీ చెయ్యి సంగతి నాకు తెలుసు. నేను ఊరికి బయల్దేరిన రోజే డాక్టరుగారు వరండాలోకి పిలిచి చెప్పారు. బస్సులో దారంతా ఆలోచించాను. ఓదారిస్తే మీరు ఇంకా గోడవైపు జరుగుతారు. మేకుల గురించి అడిగితే మాత్రం చచ్చినా ఊరుకోలేరు. అందుకే అడిగాను. లావుది ముందు కొట్టడం మాత్రం నాటకం కాదు, ఆ తెలివి అచ్చంగా నాదే.

ఎల్లుండి మొదటి బస్సుకి వస్తున్నాను. మీ బట్టలు సర్ది ఉంచమని మేష్టారికి చెప్పండి. అడితివాళ్లకి వేరే కాపలావాణ్ణి చూసుకోమనండి.

కట్టెలు చీల్చే మనిషే కావాలంటే ఈ వీధిలోనే నలుగురున్నారు. మొగుడు నాకు ఒక్కడే.

మీ కందిరీగ