కరెంటు పెట్టిన ఒళ్ళు

బండారులంక, 2003, శ్రావణ సోమవారం, దీపాలు పెట్టాక

కాకినాడ ఆస్పత్రిలో కేన్సరుకి కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, పూర్తయి పది రోజులైంది. దాంతోపాటు మొదలుపెట్టిన ఇంజెక్షన్లు మాత్రం వారానికి మూడు చొప్పున ఇంకా ఉన్నాయి. అవి నా ఒంట్లో శక్తినే జబ్బు మీదికి ఉసిగొల్పుతాయట. "రెండూ కలిపితే మేలని మా ఆశ. మాట మాత్రం ఇవ్వలేనమ్మా" అన్నారు డాక్టరుగారు. మస్కట్ నుంచి మా ఆయన ఫోన్ చేస్తే, "మాటిచ్చేరండి" అనే చెప్పాను.

ఆ మందు పక్కింటి వదినగారి ఫ్రిజ్‌లో ఉంటుంది. ఇవాళ నేను చెయ్యి చాపితే, ఆవిడ సీసా అరుగు మీద పెట్టేశారు.

"ఏమనుకోకండి వదినగారూ, మీ ఒంట్లో కరెంటుంది కదండీ. పిల్లలున్న ఇల్లు" అన్నారావిడ.

"అది మిషనుతోనే ఆగిపోద్దండి."

"ఆయ్" అన్నారు, వెనక్కి జరుగుతూనే.

అక్కడ నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక రాలేదు.

సాయంత్రం ముసలి కాంపౌండరుగారు వచ్చి, జబ్బకు సూది వేసి, దూది పెట్టి బొటనవేలితో నొక్కిపట్టారు.

"నొప్పిగా ఉందామ్మా?"

"ఉందండి. ఇంకాసేపు నొక్కండి" అన్నాను.

నొప్పేమీ లేదు.

రేపు మంగళవారం. సూది లేదు.