కెప్టెన్ కోసం తిన్న దెబ్బలు

శుక్రవారం రాత్రి, ఖురం

ఐస్ హాకీ జట్టు నుంచి నన్ను తీసేసి వారమైంది. ఇవాళ మ్యాచ్‌కి నీళ్ల సీసాలు అందించడానికి రమ్మన్నారు. వెళ్లకపోతే ఈ ఐస్ రింక్‌లో, అంటే మంచు మైదానంలో, నా డ్యూటీ కూడా పోతుందన్న భయంతో వెళ్లాను.

జగిత్యాల నుంచి గల్ఫ్‌లోని ఈ ఊరికి వచ్చి, ఇక్కడ మంచు గీకే పని చేస్తూనే స్కేటింగ్ నేర్చుకున్నాను. నా భుజాలు చూసి కెప్టెన్ సలీం ఫార్వర్డ్‌గా తీసుకున్నాడు, జీతం కూడా ఇప్పించాడు. అది గోల్స్ కొట్టినందుకు కాదు, అతని మీదికొచ్చే వాళ్లను గుద్దినందుకు. అతనికి తగలాల్సిన దెబ్బలకు నా ముక్కు రెండుసార్లు విరిగింది, ముందు పళ్లు పోయాయి. ఫొటోల్లో కప్పు మాత్రం అతని చేతిలోనే ఉంటుంది.

పోయిన వారం మోకాలు వాచిందని చెప్పగానే సలీం హిందీలో, "నీ పని అయిపోయింది భాయ్, ఇక రెస్ట్ తీసుకో" అన్నాడు. అంతే.

ఇవాళ మ్యాచ్ రెండో పీరియడ్‌లో అవతలి జట్టువాడొకడు సలీంను గోడకేసి కొట్టాడు. మావాళ్లెవరూ కదల్లేదు. సలీం మెల్లగా లేచి, అలవాటుగా బెంచీ వైపు, నా వైపు చూశాడు. నేను సీసా మూత బిగిస్తూ తల దించుకున్నాను.

ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే నా భార్య లత అంది: "మంచిగైంది. నీ పళ్లు పోయిననాడు నీ దిక్కు ఎవరన్న చూసిండ్రా?"

ఆమెతో పాటు నేనూ నవ్వాను. కానీ అతను పడ్డప్పుడు నా కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. ఆ సంగతి లతకు చెప్పలేదు. ఇంకా అతని కోసం లేచే ఈ కాళ్లంటే నాకే అసహ్యంగా ఉంది.