అక్క రాయి

మంగళవారం, కోంట

ఈరోజు టీచరమ్మ నన్ను బడికి పిలిపించి, "ఏందమ్మా ఇది? నీ చిన్న బిడ్డ బొమ్మల పుస్తకం ఖరాబు చేసింది" అని చూపించింది. ఊరు విడిచి పారిపోయిన పిల్లల కథ అది. కథలో అందరూ క్షేమంగా చేరతారు. అడవి దారి బొమ్మ పక్కన చిన్నది పెన్సిల్‌తో నిలువు రాయి గీసింది.

"అది అక్క రాయి మేడం" అంది నా పక్కనున్న చిన్నది.

గొడవలకు ఊరు విడిచి భేజ్జి వైపు నుంచి అడవి దారిన పారిపోయి వస్తుంటే నా పెద్ద బిడ్డ జ్వరంతో దారిలోనే పోయింది. మా తెగలో చనిపోయినవాళ్లకు రాయి నిలబెడతారు. భయంతో ఆగలేక, మట్టి కప్పి వచ్చేశాం.

టీచరమ్మ రబ్బరు తీసింది.

"చెరపకు మేడం, నా బిడ్డకున్న రాయి అదొక్కటే" అన్నాను.

ఆమె రబ్బరు పక్కన పెట్టేసింది. పుస్తకం మూసి బీరువాలో పెట్టింది.

కానీ పుస్తకం బడిది. రేపు ఇంకో పిల్ల చేతికి పోతుంది. ఆ పిల్లకు అది ఉత్త పిచ్చిగీతే కదా...