మూడో ప్లగ్గు వైరు

ముత్యం బావకు నమస్కారాలు.

నా వంకర రాత, తప్పులు చూసి ఏమీ అనుకోకు. నాది వానాకాలం చదువు.

మా గనిలో దెబ్బ తగిలినవాళ్లను దవాఖానకు చేర్చే పికప్ వ్యానుకు నీళ్లు, నూనె చూసేది నేనే. నెల రోజులుగా బండి నిలబెడితే ఇంజను దడదడా వణుకుతోంది, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఆగిపోతోంది. నువ్వు నేర్పినట్టే ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాను. మిగతావి పీకితే చప్పుడు మారింది. మూడోది పీకితే ఏమీ మారలేదు, అంటే ఆ సిలిండరు పని చేస్తలేదు. కొత్త ప్లగ్గు వేసినా అంతే.

గని రిపేరు షెడ్డులో చెబితే బండి విప్పి పెడతారు, మాకు వేరే బండి లేదు. అదొక్కటే కాదు, షెడ్డు ఇంజనీరు ముందు నాకు నోరు లేవదు. డ్రైవరు సామ్యేల్‌కు మాత్రం, "ఎక్కడ ఆపినా కాలు తియ్యకు కొడుకా" అని చెప్పాను.

"ఇది బండి నడుపుడా తాతా, కుట్టుమిషను తొక్కుడా?" అని నవ్వాడు.

మొన్న గనిలో పైకప్పు కూలి నలిగిన లింగమూర్తిని తీసుకుపోతుంటే బొగ్గు రైలుకు గేటు వేశారు. గేటువాణ్ణి బతిమాలడానికి సామ్యేల్ దిగాడు. ఇంజను ఆగింది. ఎంత తోసినా మళ్లీ అందుకోలేదు. లింగమూర్తి అక్కడే పోయాడు.

"బండి ఇడిసి ఎందుకు దిగినవ్?" అని సామ్యేల్ మీద వచ్చే సోమవారం విచారణ పెట్టారు. వాడు నా పేరు ఎత్తలేదు. నేనే పోయి చెబుతాను.

బసంత్‌నగర్ లారీలన్నీ విప్పినవాడివి, నీకు తెలుస్తుంది. వాల్వు కాలిందా, ఇంకేమన్నానా? వైర్లు పీకి చూసిన రోజే షెడ్డుకు పంపితే బాగయ్యేదా? బాగయ్యేదైతే అట్లనే రాయి, నా మొహం చూసి దాచకు. సోమవారం లోపల అందేటట్టు జల్ది జవాబు రాయి బావా.